94 కేజీల అమ్మకి పోషకాహార లోపమట! మోకాలి ఆపరేషన్‌కి ఇంకా 8 వారాలే

పెద్దకూతురు
అమ్మకి 66 ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, ముందు కుడి మోకాలు మార్పిడి చేస్తామన్నారు. ఇంకా 8 వారాలుంది. షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. మొదటిసారి చూపించినప్పుడు సర్జన్ ఫైలు మూస్తూ "కాస్త బరువు తగ్గితే మంచిదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ రాత్రి భోజనం మానేసింది. పొద్దున టీ, మధ్యాహ్నం నాలుగు ముద్దలు, సాయంత్రం మళ్ళీ టీ, రెండు బిస్కెట్లు. అంతే. మూడు వారాల్లో 99 కేజీల నుంచి 94కి వచ్చింది. ఇంట్లో అందరం మెచ్చుకున్నాం కూడా.

నిన్న రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.8, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్) 3.2, హెచ్‌బిఏ1సి (మూడు నెలల షుగర్ సగటు) 8.1, విటమిన్ డి 14. అవి చూసి అదే సర్జన్ "ఒంట్లో పోషకాలు లేవు, ఇలాగే ఉంటే డేటు వెనక్కి జరపాలి" అంటున్నారు. 94 కేజీల మనిషికి పోషకాహార లోపం ఏంటండీ? ఇప్పుడు తినమనాలా, మానమనాలా? అమ్మ అయితే "తగ్గమన్నదీ మీరే, తినలేదని తిట్టేదీ మీరే" అని అలిగి కూర్చుంది.

మూలనకుర్చీ
అమ్మగారి అలకలో న్యాయముంది.

రెండు_మోకాళ్ళు
తినాలి, అందులో సందేహమే లేదు. నాకు రెండు మోకాళ్ళూ అయ్యాయి, మధ్యలో ఏడాది తేడా. మొదటిదానికి ముందు నేనూ ఇలాగే కడుపు కట్టుకుని 9 కేజీలు తగ్గి, హీరోలా థియేటర్లోకి వెళ్ళాను. ఆపరేషన్ బాగానే జరిగింది, గాయమే ఆరలేదు. పన్నెండో రోజు కట్టు విప్పితే కింది చివర రెండు కుట్ల దగ్గర తడి. దూదితో అద్దితే లేత పసుపు నీరు. ఇన్ఫెక్షన్ కాదన్నారు గానీ పూర్తిగా ఆరడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా మోకాలు వంచాలంటే భయమే. రెండోదానికి తిని వెళ్ళాను, 14వ రోజుకి కుట్లు తీసేశారు. ఒక్క మనిషి అనుభవంతో ఏదీ తేలదని నాకూ తెలుసు. చెప్పాలనిపించి చెప్పాను.

నైట్‌డ్యూటీ
ఆర్థో వార్డులో నర్సుని. ఇలాంటి రిపోర్టు వారానికి ఒకటైనా చూస్తాను, అందులో సగం మంది లావుగా ఉన్నవాళ్ళే.

తూకం మిషన్‌కి కొవ్వేదో కండేదో తెలీదు. తిండి ఒక్కసారిగా తగ్గించేసి, ఆ తినేదాంట్లో కూడా ప్రొటీన్ లేకపోతే, ఒళ్ళు కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. మీరు మెచ్చుకున్న ఆ 5 కేజీల్లో కండ ఎంత పోయిందో ఎవరికి తెలుసు? నెలలోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే మేం అడ్మిషన్ కాగితం మీద ప్రత్యేకంగా గుర్తు పెడతాం. మనిషి లావా సన్నమా అన్నది అక్కడ చూడం. మీ అమ్మగారిది సరిగ్గా 5 శాతం.

కోత పడ్డాక గాయం మానాలన్నా, సూక్ష్మక్రిములతో పోరాడాలన్నా, కండ నిలబడాలన్నా ప్రొటీన్ కావాలి. నోటి నుంచి రాకపోతే తొడ కండలోంచే లాక్కుంటుంది. కొత్త మోకాలిని నడిపించాల్సింది ఆ తొడే. ఆల్బుమిన్ 3.5 కంటే తక్కువున్నవాళ్ళకి గాయం తెరుచుకోవడం, ఇన్ఫెక్షన్, మళ్ళీ ఆసుపత్రిలో చేరడం ఎక్కువ. సర్జన్ భయం అదే.

పాతసైకిల్
ఇదంతా ఈ మధ్య వచ్చిన వ్యాపారం. మా నాన్నకి తుంటి మార్చినప్పుడు ఆల్బుమిన్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఆయన 90 దాటి బతికారు. టెస్టులు రాయడం, పౌడర్ డబ్బాలు అమ్మడం.

లెక్కలపుస్తకం
@పాతసైకిల్ ఈ మధ్యదేం కాదు. 1936లో హైరమ్ స్టడ్లీ అనే అమెరికన్ సర్జన్ కడుపులో పుండుకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ లెక్కలు తీశాడు. ఆపరేషన్‌కి ముందే ఒంటి బరువులో 20 శాతం కంటే ఎక్కువ కోల్పోయినవాళ్ళలో దాదాపు 33 శాతం మంది చనిపోయారు. అంత తగ్గనివాళ్ళలో 3.5 శాతం. అది పౌడర్ డబ్బాలు అమ్మడానికి తీసిన లెక్క కాదు.

పాతసైకిల్
కడుపు పుండుకీ మోకాలికీ పోలికేంటి?

లెక్కలపుస్తకం
పోలిక ఆపరేషన్లకి కాదండీ, ఖాళీ ఒంటితో కోతకి వెళ్ళడానికి. పైగా మోకాలి మార్పిడి ముందే డేటు చూసుకుని చేసేది. సర్దుకోవడానికి టైమ్ ఉంది, దాన్ని వాడుకోమనే కదా ఇక్కడందరూ అంటున్నది.

కుడితుంటి
నైట్‌డ్యూటీ గారి మాటతో చాలావరకు ఒప్పుకుంటాను గానీ ఆల్బుమిన్ దగ్గర ఒక్క అభ్యంతరం. ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి తక్కువనే అర్థం కాదు. ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది. లివర్ సరిగ్గా తయారు చేయకపోయినా, కిడ్నీలోంచి మూత్రంలో కారిపోతున్నా తగ్గుతుంది. షుగర్ ఉన్న మనిషి కాబట్టి ఆ చివరిది తప్పకుండా చూడాలి. నాకు 3.1 వస్తే మూడు వారాలు గుడ్ల మీద గుడ్లు తిన్నాను. అసలు కారణం పంటి చిగుళ్ళలో ముదిరిన చీము. రెండు పళ్ళు తీయించుకున్నాక గానీ అంకె కదల్లేదు.

నైట్‌డ్యూటీ
నిజమే, నేను తొందరలో రాశాను. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, ఒంట్లో వాపు తెలిపే సీఆర్‌పీ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చేయించండి. ఇంకో మాట, ఆల్బుమిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. అంటే ఈ వారం తిన్నది వచ్చే వారం రిపోర్టులో కనపడదు. ప్రతి సోమవారం రక్తం తీయించి కంగారు పడకండి.

మూలనకుర్చీ
చిగుళ్ళలో చీము, మందు గుడ్లు. ఆ కోళ్ళకి ఎవరు క్షమాపణ చెప్తారు?

కొలతగరిటె
డైటీషియన్‌ని. పెద్దకూతురు గారూ, అమ్మ రోజు మొత్తం ఏం తింటున్నారో రెండు రోజులు కాగితం మీద రాసి పెట్టండి. గుర్తు తెచ్చుకుని కాదు, తిన్నప్పుడే రాయాలి. టీలో పాలెన్ని, బిస్కెట్లెన్ని, అన్నీ.

పెద్దకూతురు
నిన్నా ఇవాళా రాశాను. టీ మూడుసార్లు, ఒక్కోదాంట్లో పాలు పావు గ్లాసు కూడా ఉండవు. మధ్యాహ్నం కూరగాయలు ఎక్కువ, పప్పు రెండు గరిటెలు, పెరుగు చిన్న కప్పు. బిస్కెట్లు నాలుగు (రెండే అని నాకు చెప్పింది). గుడ్లు, చికెన్ తింటుంది గానీ "డైట్‌లో ఉన్నా" అని మానేసింది.

లెక్కలపుస్తకం
వేశాను. చెయ్యి జారినా 25 గ్రాముల ప్రొటీన్ దాటదు.

కొలతగరిటె
అనుకున్నాను. ఆపరేషన్ ముందు కేజీకి 1.2 నుంచి 1.5 గ్రాములు పెట్టుకుంటాం. బరువు బాగా ఎక్కువున్నవాళ్ళకి మొత్తం 94తో గుణించకుండా, ఎత్తుని బట్టి సవరించిన బరువు తీసుకుంటాం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు అనుకుంటే సుమారు 60 కేజీలు, అంటే రోజుకి 75 గ్రాముల చుట్టూ. ఇప్పుడు తింటున్నదానికి మూడింతలు. కిడ్నీ రిపోర్టు వచ్చాకే మొదలుపెట్టండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఈ లెక్క వేరు, అది వాళ్ళ డాక్టరే చెప్పాలి.

కష్టమేం కాదు. గుడ్డుకి 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలకి 8, ఉడికిన పప్పు ఒక కప్పు నిండా అయితే 17 దాకా, వండిన చికెన్ 100 గ్రాములకి 27 పైనే. మొత్తం ఒక్క పూట కుక్కేయకండి. వయసు పెరిగేకొద్దీ కొద్ది ప్రొటీన్‌కి కండ స్పందించదు, ఒక్కో పూటకి 25 గ్రాములైనా పడాలి. మీ అమ్మగారి పొద్దుటి టీ పూట పూర్తిగా వృథా. అక్కడ రెండు గుడ్లు, గ్లాసు పాలు పెడితే 20 వస్తాయి, కాస్త పప్పు కలిపితే 25 అవుతుంది, సగం పని అయినట్టే.

ఆకూఅలమూ
గుడ్డు కూడా తిననివాళ్ళం ఏం కావాలి? ఈ లిస్టులన్నీ చికెన్ దగ్గరే ఆగుతాయి.

కొలతగరిటె
సోయా ముక్కలు ఎండువి 50 గ్రాములు తీసుకుంటే అందులో సగం ప్రొటీనే. పన్నీర్ 100 గ్రాములకి 18 దాకా. వేరుశనగలు 100కి 25, కానీ నూనె కూడా అంతకు రెట్టింపు, గుప్పెడు దగ్గర ఆపండి. పప్పులు, పాలు, పెరుగు కలిపి పూటపూటా తింటే సరిపోతుంది. అప్పటికీ అందకపోతే పౌడర్ వాడుకోవచ్చు. బి12 మాత్రం పరీక్ష చేయించుకోండి.

పాతసైకిల్
చివరికి పౌడర్ దగ్గరికే వచ్చారు.

కొలతగరిటె
"అప్పటికీ అందకపోతే" అన్నది కూడా చదవండి సార్.

ఒకటేకప్పు
హిమోగ్లోబిన్ సంగతి ఎవరూ మాట్లాడలేదే? 10.8 అంటే అది ముందు చూడాలి. మోకాలి ఆపరేషన్‌లో రక్తం పోతుంది, తక్కువతో వెళ్తే రక్తం ఎక్కించే అవకాశం పెరుగుతుంది. మా అక్కకి 11 ఉంటే ఆడవాళ్ళకి మామూలేలే అనుకున్నాం. సర్జరీకి ముందు మగైనా ఆడైనా 13 ఉండాలంటున్నారు ఇప్పుడు. మామూలు లెక్కలో ఆడవాళ్ళకి 12 చాలు. కానీ ఒకే ఆపరేషన్‌లో ఇద్దరికీ దాదాపు ఒకేలా రక్తం పోతుంది, ఆడవాళ్ళ ఒంట్లో ఉండే రక్తమే తక్కువ.

నైట్‌డ్యూటీ
అవును. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) చేయించండి, 30 కంటే తక్కువైతే ఐరన్ లోపమే. మాత్రకి 6 నుంచి 8 వారాలు పడుతుంది, మీ దగ్గర సరిగ్గా అంతే ఉంది, ఈ వారమే మొదలవ్వాలి. కొందరు డాక్టర్లు రోజు విడిచి రోజు ఇస్తున్నారు. ఒంటికి బాగా పడుతుంది, కడుపులో తిప్పడం తక్కువ. మాత్ర పడకపోతే, టైమ్ లేకపోతే సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా అడగండి. ఆ వయసులో కడుపులోనో పేగులోనో నెమ్మదిగా రక్తం పోతుంటే తెలీదు. కీళ్ళ నొప్పికి ఏళ్ళ తరబడి నొప్పిమాత్రలు మింగినవాళ్ళలో మరీను.

ఒకటేకప్పు
ఐరన్ మాత్రకీ టీకీ మధ్య గంటన్నా ఎడం ఉంచండి. మా అక్క రెండు నెలలు మాత్ర వేసుకుంది, వేసుకున్నప్పుడల్లా టీతోనే మింగింది. హిమోగ్లోబిన్ 11 నుంచి 11.1 అయింది. ఆ పాయింట్ వన్ కూడా లాబ్ వాళ్ళ దయ అనుకుంటా.

పెద్దకూతురు
అయ్యో. మా ఇంట్లో ఏ మాత్రైనా టీతోనే.

మెట్లుదిగలేను
బరువు సంగతి తేల్చలేదు మీరు. మా సర్జన్ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 40 దాటితే ఆపరేషనే చేయనన్నారు. నాది 41. ఇప్పుడు తినమంటే నా డేటు ఎప్పటికొస్తుంది?

లెక్కలపుస్తకం
40 గీత చాలామంది సర్జన్లు పెట్టుకున్నదే. కానీ అమెరికాలో రుమటాలజీ డాక్టర్ల సంఘం, తుంటి మోకాలి సర్జన్ల సంఘం కలిసి 2023లో ఇచ్చిన సూచనల్లో బరువు ఫలానా అంకెకి దిగాలని మాత్రమే ఆపరేషన్ వాయిదా వేయొద్దన్నారు. షుగర్ అదుపులో లేకపోయినా, పొగ తాగుతున్నా మాత్రం ఆగి సరిచేసుకోమన్నారు.

మెట్లుదిగలేను
ఆ కాగితం మా సర్జన్‌కి ఎవరు చూపిస్తారు?

రెండు_మోకాళ్ళు
@మెట్లుదిగలేను ఇంకో సర్జన్ దగ్గర అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ఆయనకీ కారణాలుంటాయి, లావు ఎక్కువైతే ఇన్ఫెక్షన్ ప్రమాదం నిజంగానే పెరుగుతుంది. తగ్గండి, నెమ్మదిగా. ప్రొటీన్ అలాగే ఉంచి, తీపీ నూనే తగ్గించి, వారానికి అరకేజీ. చివరి నెలలో మాత్రం తగ్గే ప్రయత్నాలు పెట్టుకోవద్దని రెండోసారి నాకు గట్టిగా చెప్పారు.

వెన్నుపూస_ఎల్4
నాది వెన్ను ఆపరేషన్, ఎముకలు అతికించేది. పోషకాహారం గురించి ఇంత చదివి ఒక సిగరెట్ వెలిగించి ఈ ప్రశ్న రాస్తున్నా. ఎంత ముందు మానాలి?

నైట్‌డ్యూటీ
కనీసం 4 వారాలు. ఎముక అతికించే ఆపరేషన్‌కి నికోటిన్ అంత శత్రువు ఇంకోటి లేదు. ఈ చర్చ మొత్తంలో ఉన్న గుడ్లన్నీ తిన్నా అది తీరదు. వెలిగించింది పడేయండి.

వెన్నుపూస_ఎల్4
సగం పడేశాను.

కుడితుంటి
షుగర్ 8.1 గురించి: చాలాచోట్ల 7.5 నుంచి 8 మధ్యలో గీత గీస్తారు. అది మూడు నెలల సగటు కాబట్టి 8 వారాల్లో పూర్తిగా మారిపోదు. ఫ్రక్టోసమైన్ అని ఇంకో పరీక్ష ఉంది, గత రెండు మూడు వారాలదే చెబుతుంది. మీ అమ్మగారు ఇప్పుడు బాగుపడితే అందులో ముందు కనపడుతుంది, అడిగి చూడండి. పేరు చివర 'ఫ్లోజిన్' అని ఉండే షుగర్ మాత్ర వాడుతుంటే ఆపరేషన్‌కి మూడు నాలుగు రోజుల ముందే ఆపమంటారు. వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్ అయితే కడుపు ఖాళీ అవడం ఆలస్యం, ఆ సంగతి మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

ఆకూఅలమూ
విటమిన్ డి 14 ఎవరికీ పట్టలేదు పాపం.

కుడితుంటి
20 కంటే తక్కువ కాబట్టి డాక్టర్ రాసిన డోస్ వేసుకుంటారు, అంతే. దానికి పెద్ద కథేం లేదు. సొంతంగా కొనుక్కుని రోజూ పెద్ద డోసు మింగకండి, ఎక్కువైనా ప్రమాదమే.

మెట్లెక్కేమామ
తిండి ఒక్కటే పెట్టి కుర్చీలో కూర్చోబెడితే అది కండగా మారదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీద ఉంచి చూస్తే కాళ్ళలోంచి దాదాపు కేజీ కండ పోయింది. ఇక ఆపరేషన్ అయినవాళ్ళ సంగతి చెప్పేదేముంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, రోజుకి మూడుసార్లు, ఎన్నిసార్లు లేవగలిగితే అన్ని. మా ఆవిడ మొదటి రోజు తొడల మీద రెండు చేతులూ నొక్కి, "అమ్మా" అని లేచేది. ఆరో వారానికి చేతులు కట్టుకుని ఎనిమిది. మేం తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచేవాళ్ళం, గోడ మీద పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి.

మూలనకుర్చీ
ఇంట్లో పిల్లల ఎత్తు గీతల పక్కన బామ్మ తొడ కొలత. బాగుంది.

పాతసైకిల్
ఒకటి అడుగుతా, వెటకారం కాదు. నాకు వచ్చే నెల భుజం. చేపనూనె, వెల్లుల్లి మాత్రలు, విటమిన్ ఇ వాడుతున్నా, ఒంటికి మంచిదని. అవి ఉంచుకోవచ్చా?

నైట్‌డ్యూటీ
అడిగి మంచి పని చేశారు. వెల్లుల్లి, జింకో అనే ఆకు మాత్రలు, విటమిన్ ఇ లాంటివి రక్తం పలచబరిచే గుణం ఉన్నవి, ఒకటి రెండు వారాల ముందే ఆపమంటారు. చేపనూనె మీద ఒక్కో డాక్టర్‌ది ఒక్కో మాట. అన్ని డబ్బాలూ సంచీలో వేసుకుని వెళ్ళి చూపించండి. "మందులేం వాడను" అని చెప్పి సంచీ నిండా మాత్రలు తెచ్చినవాళ్ళు మాకు రోజూ వస్తారు.

మూలనకుర్చీ
వ్యాపారం, పౌడర్ డబ్బాలు... చివరికి సంచీ ఎవరి దగ్గరుందో చూశారా.

పాతసైకిల్
సరే సరే.

పెద్దకూతురు
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. మూత్రంలో ప్రొటీన్ లేదు, కిడ్నీ బాగుంది. ఫెరిటిన్ 11 వచ్చింది. ఎండోస్కోపీలో నొప్పిమాత్రల వల్ల వచ్చిన చిన్న పుండు కనపడింది, ఆ మాత్రలు ఆపి పుండుకి మందిచ్చారు. ఐరన్ రోజు విడిచి రోజు. ఫ్రిజ్ మీద కాగితం అంటించాను, తిన్నవన్నీ అమ్మే రాస్తుంది. మొదటి వారం "గుడ్డు 2" అని రాసి ఒకటి మనవడికి పెట్టేసేది. వాడే చెప్పేశాడు.

ఇప్పుడు: హిమోగ్లోబిన్ 12.2, ఆల్బుమిన్ 3.7, హెచ్‌బిఏ1సి 7.4. బరువు 92.5. తిని కూడా తగ్గిందని అమ్మకే నమ్మకం కుదరడం లేదు. డేటు ఖాయమైంది. ఒక్క డౌటు. ముందు రోజు రాత్రి 12 నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దని చుట్టాలందరూ అంటున్నారు. షుగర్ మనిషి అంతసేపు ఉండగలదా?

నైట్‌డ్యూటీ
చుట్టాలు చెప్పేది పాత పద్ధతి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందని 1946లో మెండెల్సన్ అనే డాక్టర్ కాన్పుల కేసులు చూసి రాశాడు. ఆ తర్వాత అందరికీ అర్ధరాత్రి నుంచి అన్నీ బంద్ అయింది. ఇప్పటి లెక్క: తేలికపాటి తిండికి 6 గంటలు, నూనె, మాంసం ఉన్నదానికి 8, మంచినీళ్ళలాంటి తేట ద్రవాలకి 2 గంటలు. పాలు తేట ద్రవం కిందకి రావు. అయితే మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి మత్తు డాక్టర్ చెప్పిన గంటే గంట. మామూలువాళ్ళకిచ్చే పిండి పదార్థం కలిపిన తీపి డ్రింకు కూడా ఆయన చెబితేనే. లిస్టులో మొదటి కేసుగా పెట్టమని అడగండి.

రెండు_మోకాళ్ళు
ఎవరూ చెప్పనిది నేను చెప్తాను. ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఘాటైన నొప్పిమందులకి నాలుగైదు రోజులు కడుపు కదలదు. మోకాలి నొప్పి మర్చిపోయాను, ఆ నాలుగో రోజు మర్చిపోలేదు. నీళ్ళు, పీచున్న కూరగాయలు, పళ్ళు ముందు వారం నుంచే పెంచండి. మలబద్ధకానికి మందు మొదటి రోజే అడగండి, సిగ్గుపడొద్దు.

మూలనకుర్చీ
ఈ చర్చలో అతి ముఖ్యమైన పోస్టు ఇదే.

పెద్దకూతురు
ఆపరేషన్ అయి 16 రోజులు. నిన్న కుట్లు తీశారు, గాయం పొడిగా ఉంది. మొదటి వారం ఏమీ సహించలేదు, మూడు నాలుగు చెంచాలు తిని పక్కన పెట్టేసేది, అప్పుడు మాత్రం పౌడరే పాలల్లో కలిపి ఇచ్చాం. (పాతసైకిల్ గారూ, క్షమించాలి.) రక్తం ఎక్కించలేదు. వాకర్‌తో బాత్రూమ్ దాకా తనే వెళ్తోంది. నాలుగింటి టీ మళ్ళీ అడిగింది, ఇచ్చాను. గ్లాసు చేతిలోకి తీసుకుని "ఇవాళ ఐరన్ రోజా కాదా" అని ఫ్రిజ్ వైపు చూసింది.

ఒకటేకప్పు
మా అక్కకి ఈ ఒక్క పోస్టు పంపిస్తున్నా.

పాతసైకిల్
భుజం అయింది. సంచీ చూపించాను, నాలుగు డబ్బాలు ఆపించారు. ఎడమ చేత్తో రాస్తున్నా కాబట్టి ఇంతే. పౌడర్ ఏ రుచిది కాస్త బాగుంటుంది?